ఏది కదలాలి, ఏది నిలవాలి

పేజ్‌మేకర్ 7.0 విడుదలైంది 2001లో. జగిత్యాలలోనో కోరుట్లలోనో శుభలేఖ వేయించుకుందామని డీటీపీ దుకాణానికి వెళ్తే, ఇవ్వాళ్టికీ చాలాచోట్ల తెర మీద కనిపించేది అదే. దానికి తోడు అను స్క్రిప్ట్. ఆపరేటర్ వేళ్ళకు ఆ కీబోర్డు ఎంత అలవాటంటే, కళ్ళు గిరాకీ మీదున్నా చేతులు గణపతి శ్లోకం కొట్టేస్తుంటాయి. మార్చొచ్చు కదా అంటే, "మంచిగ నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకు సార్?" అంటారు. ఈ మాటకు నవ్వేవాళ్ళు ఎన్నడూ దుకాణం నడిపి ఉండరు. మాఘమాసం ముహూర్తాల్లో ఒక పూట సిస్టం మొరాయిస్తే పోయేది ఆ పూట గిరాకీ ఒక్కటే కాదు. వచ్చినవాళ్ళకు పక్క దుకాణం అలవాటైపోతుంది.

అక్కడికి కాస్త దూరంలోనే, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అలాంటి ఏ కాలేజీ హాస్టల్‌కు వెళ్ళినా రెండో రకం మనిషి దొరుకుతాడు. అతని ల్యాప్‌టాప్‌లో పోయినవారం ఫెడోరా లినక్స్, ఈవారం ఆర్చ్ లినక్స్, వచ్చేవారం ఇంకేదో. డెస్క్‌టాప్ అందంగా సర్దుకొని, స్క్రీన్‌షాట్ తీసి, స్నేహితులకు పంపి, మళ్ళీ చెరిపేస్తాడు. రేపు ప్రాజెక్టు రివ్యూ అనగా ఈ రాత్రి అప్‌డేట్ కొడతాడు.

పైకి వీళ్ళిద్దరూ తూర్పూ పడమరా. ఒకరికి కొత్తంటే భయం, ఇంకొకరికి పాతంటే చిన్నచూపు. కానీ "మీ పనికి నిజంగా ఏ ప్రోగ్రాం కొత్తది కావాలి, ఏది పాతదైనా సరిపోతుంది?" అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబుండదు. ఎందుకంటే ఇద్దరూ సిస్టంను ఒక్క ముద్దగా చూస్తున్నారు. మొత్తం కదలాలి, లేదంటే మొత్తం నిలవాలి. ఈ అధ్యాయమంతా ఆ ముద్దను విడగొట్టడం గురించే.

ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ప్రాసెసర్ కొత్త తరానిదై ఉండాలి. మన చిన్న పట్టణాల్లోని ఎన్నో కంప్యూటర్లు ఆ గీత దాటలేవు. గట్టిగా ఉన్న మిషన్‌ను పాతసామాన్లకు వేయడం ఇష్టం లేనివాళ్ళు లినక్స్ వైపు చూస్తున్నారు. చూసిన మొదటిరోజే ఎదురయ్యే ప్రశ్న: నెమ్మదిగా మారేది పెట్టుకోవాలా, ఎప్పటికప్పుడు మారేదా?

నంబర్ పాతదైతే కన్నం ఉన్నట్టేనా?

నెమ్మదిగా మారే లినక్స్‌లలో ఒకటైన డెబియన్ అటూఇటుగా రెండేళ్ళకోసారి విడుదలవుతుంది. 12వది 2023 జూన్‌లో వచ్చింది, 13వది 2025 ఆగస్టులో. విడుదలైన రోజున అందులో ఉన్న ప్రోగ్రాంల వెర్షన్లు దాదాపుగా అక్కడే ఆగిపోతాయి. డెబియన్ 12లో లిబ్రే ఆఫీస్ 7.4 ఉంటే, రెండేళ్ళ తర్వాతా అదే 7.4. చూసినవాళ్ళు "ఇంత పాతదా, సేఫ్టీ ఉంటదా?" అంటారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. భద్రతాలోపం బయటపడినప్పుడు, డెబియన్ వాళ్ళు కొత్త వెర్షన్‌లోని మరమ్మతును మాత్రమే తీసి పాత వెర్షన్‌లో కూర్చోబెడతారు. ముందు నంబరు మారదు, కన్నం మాత్రం పూడుతుంది. విడుదలైన మూడేళ్ళ వరకు మామూలు మద్దతు, ఆపైన మరో రెండేళ్ళు దీర్ఘకాల మద్దతు. అంటే డెబియన్ 13 పెట్టుకున్న దుకాణదారు 2030 దాకా భద్రత కోసం పెద్ద మార్పు చేయనక్కర్లేదు.

ఉబుంటులో సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో వచ్చేది దీర్ఘకాల విడుదల, ఐదేళ్ళ మద్దతు. మధ్యమధ్య వచ్చే వాటికి తొమ్మిది నెలలే. లినక్స్ మింట్ ప్రధాన విడుదల ఈ దీర్ఘకాల ఉబుంటు మీదే నిలబడుతుంది. ఫెడోరా ఆరునెలలకోసారి, ఒక్కోదానికి 13 నెలల మద్దతు. ఆర్చ్‌కూ ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌కూ విడుదలలంటూ ఉండవు, నిత్యం ప్రవహిస్తాయి. టంబుల్‌వీడ్ మాత్రం ప్రతి విడతనూ ఓపెన్‌క్యూఏ అనే ఆటోమేటిక్ పరీక్షలు దాటించాకే వదులుతుంది. ప్రవహించేవన్నీ ఒకలాంటివి కావు.

మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు పునాది డెబియన్. స్వేచ్ఛ సంస్థ తెలుగువాళ్ళ కోసం తెచ్చిన ఆపరేటింగ్ సిస్టం కూడా డెబియన్ మీదే కట్టింది. ఊరూరా, బడిబడికీ పంచాల్సిన దాన్ని రోజూ కదిలే నేల మీద కట్టాలని ఎవరూ అనుకోరు.

ఒక మడి చాలు

జగిత్యాల పక్కనే పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు అని పిలుచుకునే జేజీఎల్ 1798 అక్కడిదే. అక్కడ పుట్టిన కొత్త వరి రకం నేరుగా ఊరి పొలాలన్నిటికీ ఎక్కదు. మినికిట్ సంచుల్లో కొందరు రైతుల దగ్గరికి వెళ్తుంది. తీసుకున్న రైతు ఉన్న నాలుగెకరాల్లోనూ దాన్నే చల్లడు. ఒక మడిలో వేసి చూస్తాడు. కొత్త రకం దెబ్బతిన్నా ఇంటికి బియ్యం ఉంటాయి. బాగా పండితే వచ్చే కారుకు పెంచుతాడు. రైతుగా ఇంత తెలివైన మనిషే కంప్యూటర్ ముందు కూర్చుంటే, మొత్తం పొలానికి ఒకే రకం చల్లాలనుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

కంప్యూటర్‌లో ఆ మడి పేరు ఫ్లాట్‌ప్యాక్. కెర్నల్, డ్రైవర్లు, డెస్క్‌టాప్, ప్రింటర్ వ్యవస్థ: ఇవి పునాది. పునాది డెబియన్‌దో మింట్‌దో అయితే అది నిలిచే ఉంటుంది. దాని పైన జింప్, బ్లెండర్, ఓబీఎస్ లాంటి వాటిలో ఏది కొత్తది కావాలో దాన్ని మాత్రం ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాంలు దొరికే ఫ్లాట్‌హబ్ నుంచి తెచ్చుకుంటారు. ఆ ప్రోగ్రాం తనకు కావాల్సిన లైబ్రరీలను తనతోనే తెచ్చుకుంటుంది, పునాదిలోని వాటిని తాకదు. డెబియన్ 12లో జింప్ 2.10 ఉంది. 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0 కావాలంటే డెబియన్ మొత్తాన్ని కదపక్కర్లేదు. నచ్చకపోతే తీసేయండి, కింద ఏమీ చెదరదు.

ఉచితమేమీ కాదు. మొదటి ప్రోగ్రాంతోపాటు వందల ఎంబీల సామగ్రి దిగుతుంది, డిస్క్ చిన్నదైతే నొప్పే. కొన్నిసార్లు మీ ఫోల్డర్లను చూసే అనుమతి విడిగా ఇవ్వాలి. అయినా ఈ ఖర్చు పెట్టొచ్చు.

పెట్టకూడని ఖర్చు ఇంకోటుంది. ఒక్క కొత్త ప్రోగ్రాం కోసం డెబియన్ స్టేబుల్‌లో, అంటే విడుదలైన డెబియన్‌లో, ఇంకా పరీక్షలో ఉన్న టెస్టింగ్ రిపాజిటరీనో, ఉబుంటు కోసం విడిగా కట్టిన పీపీఏనో కలపడం. ఆ ఒక్క ప్రోగ్రాం తన వెంట కొత్త లైబ్రరీలను ఈడ్చుకొస్తుంది, అవి ఇంకొన్నిటిని లాగుతాయి. ఆర్నెల్లకు మీ సిస్టం ఏ విడుదలకూ చెందనిదై కూర్చుంటుంది. డెబియన్ వాళ్ళే దీనికి ఫ్రాంకెన్‌డెబియన్ అని పేరుపెట్టారు. కొత్త కెర్నల్ లాంటిది తప్పనిసరైతే, స్టేబుల్ కోసమే మళ్ళీ కట్టి ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ ఉన్నాయి. ఆ తలుపు గుండానే రండి.

ఇంకొక అలవాటు కూడా ఇక్కడే చెప్పాలి. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఇవి తొలగిపోతాయి" అనే జాబితా వస్తుంది. అది చదవండి. 2021 నవంబర్‌లో వచ్చిన ఒక వీడియోలో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో గేముల కోసం స్టీమ్ పెట్టబోతే, ప్యాకేజీల చిక్కుముడి వల్ల డెస్క్‌టాపే తొలగిపోయే పరిస్థితి వచ్చింది. సిస్టం హెచ్చరించింది, ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం టైప్ చేయమంది కూడా. ఆయన టైప్ చేశాడు. డెస్క్‌టాప్ పోయింది, ఆ వీడియోను లక్షలమంది చూశారు. తప్పు ప్యాకేజీదే, కానీ ఆ జాబితా కూడా తెర మీదే ఉంది.

ఒత్తులు విరిగే స్టేబుల్

ఇంతవరకు చదివి, నిలిచి ఉండేదే గొప్పదని నేనంటున్నానని అనుకోవద్దు. శుభలేఖల దుకాణం దగ్గరికే మళ్ళీ వెళ్దాం. పేజ్‌మేకర్‌కు బదులు లినక్స్‌లో పేజీలు కట్టే ప్రోగ్రాం స్క్రైబస్. దాని 1.4 శ్రేణి ఏళ్ళ తరబడి అధికారికంగా స్టేబుల్. కానీ అందులో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే గుణింతాలు, ఒత్తులు కలిసేవి కావు. అక్షరాలను వాటి స్థానాల్లో కూర్చోబెట్టే పద్ధతి దానికి తెలియదు. 'లక్ష్మీ' అని కొడితే ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆ ప్రోగ్రాం కూలిపోదు, వేలాడదు, ఏ లోపమూ చూపదు. తెలుగు మాత్రం రాదు.

ఆ పని 2017లో 1.5.3తో నెరవేరింది. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో సంక్లిష్ట లిపులను సరిగా అమర్చే కొత్త ఇంజిన్ అందులో చేరింది. దాని వెనుక ప్రధానంగా పనిచేసింది ఒమన్‌కు చెందిన ఓపెన్‌సోర్స్ బృందం. వాళ్ళకు కావాల్సింది అరబ్బీ. అరబ్బీ అక్షరాలు ఒకదానికొకటి కలిసే పద్ధతి పరిష్కారమయ్యేసరికి, అదే దారిలో మన ఒత్తులకూ చోటు దొరికింది. కోరుట్ల, మెట్‌పల్లి పక్క ఊళ్ళ నుంచి మస్కట్‌కు బతుకుదెరువుకు పోయినవాళ్ళు ఎందరో. అక్కడి నుంచి మన అక్షరానికి ఇలా ఒక మేలు కూడా వచ్చిందని మనలో చాలామందికి తెలియదు.

ఆ 1.5 శ్రేణిని స్క్రైబస్ వాళ్ళు 'అభివృద్ధిలో ఉన్నది' అనే చీటీతోనే చాలా ఏళ్ళు ఉంచారు. స్టేబుల్ అనే ముద్రతో 1.6.0 వచ్చింది 2024 జనవరిలో. అంటే 2017 నుంచి 2024 దాకా, ముద్ర చూసి ఎంచుకున్న తెలుగువాడికి విరిగిన అక్షరాలు దక్కాయి, ముద్ర పట్టించుకోకుండా తన పని చూసుకున్నవాడికి సరైన తెలుగు దక్కింది. అందుకే ముందు మీ పనికి అడ్డం పడుతున్న లోపం పేరు చెప్పగలగాలి. "1.4లో ఒత్తులు కలవట్లేదు" అనేది కారణం. "కొత్తది వచ్చిందట" అనేది కారణం కాదు. కారణం దొరికితే ఆ ఒక్క ప్రోగ్రాంను కొత్తది చేసుకోండి, పొలాస రైతులా ఒక మడికే పరిమితం చేసుకోండి.

కొత్త ల్యాప్‌టాప్ విషయం కూడా ఇలాంటిదే. దుబాయ్ నుంచి అన్న తెచ్చిన సరికొత్త మోడల్‌లో రెండేళ్ళనాటి కెర్నల్ పెడితే వైఫై కనిపించకపోవచ్చు, టచ్‌ప్యాడ్ కదలకపోవచ్చు. ఆ చిప్పు పుట్టకముందు రాసిన కెర్నల్‌కు అదెలా తెలుస్తుంది? అక్కడ ఫెడోరానో, కొత్త కెర్నల్‌తో వచ్చే ఉబుంటునో సరైన ఎంపిక. ఐదేళ్ళు వాడిన డెస్క్‌టాప్‌కు ఆ బాధ లేదు.

అర సెకను తేడా

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఒక హెచ్చరిక బయటపెట్టాడు. ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే మనిషి. ఇంకా విడుదల కాని డెబియన్ అన్‌స్టేబుల్‌లో పరీక్షలు చేస్తుంటే, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మామూలు కంటే అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. ఇంకొకరైతే వదిలేసేవారు. ఆయన తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, ప్రాజెక్టు బాధ్యతలు అందుకున్న ఒక మారుపేరు మనిషి చేసిన పని అది.

డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ళకు ఏమీ కాలేదు, ఆ వెర్షన్లు వాళ్ళ దాకా రానేలేదు. అవి చేరినవి డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా ప్రయోగ విడుదలలు, ఆర్చ్, టంబుల్‌వీడ్ లాంటి చోట్లకు. ఇది చూపి "అందుకే కొత్తది వద్దు" అనడం తేలిక. నేను ఇంకోలా చదువుతాను. దాన్ని పట్టుకున్నవాడు అన్‌స్టేబుల్ మీద కూర్చున్నవాడే. అందరూ రెండేళ్ళ పాతదే వాడితే, ఆ లోపం రెండేళ్ళ తర్వాత స్టేబుల్‌లోకి తీరిగ్గా నడిచి వచ్చేది. దుకాణదారుకు ప్రశాంతత దొరుకుతున్నదంటే, ఎక్కడో ఒకరు ప్రశాంతత మానుకొని ముందుగా వాడి చూస్తున్నందువల్లే.

కాబట్టి హాస్టల్ పిల్లలకు నేను చెప్పేది మానేయమని కాదు. ఆర్చ్ పెట్టుకోండి, డెబియన్ అన్‌స్టేబుల్ పెట్టుకోండి. రెండో పార్టిషన్‌లోనో వర్చువల్ మిషన్‌లోనో పెట్టుకోండి. విరిగినప్పుడు చెరిపేసి ఇంకోటి పెట్టకుండా, ఎందుకు విరిగిందో లాగ్ చదివి ఒక బగ్ రిపోర్టు రాయండి. ఏడాది తిరిగేలోపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి స్క్రీన్‌షాట్ల కంటే మెరుగైనది మీ చేతిలో ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం మింట్‌లో రాయండి.

ఆషాఢంలో అప్‌గ్రేడ్

భద్రతా అప్‌డేట్లు వేరు, విడుదల మార్చే అప్‌గ్రేడ్ వేరు. మొదటివి వారానికోసారి తప్పకుండా తీసుకోండి. రెండోదానికి మాత్రం ముహూర్తం చూడాలి, అదీ మీ వ్యాపారం ముహూర్తం.

శుభలేఖల దుకాణానికి పెళ్ళిళ్ళు లేని ఆషాఢమో మూఢమో మంచిది. జగిత్యాల చల్‌గల్ మార్కెట్‌లో మామిడి లెక్కలు రాసేవారు ఏప్రిల్, మే నెలల్లో దేన్నీ ముట్టుకోవద్దు. కాయ వచ్చేది అప్పుడే. సిరిసిల్లలో సాంచెలు నడిపే ఆసామికి పెద్ద చీరల ఆర్డర్ ఉన్నప్పుడు నూలు లెక్కలు, మీటర్ల లెక్కలు, కూలీల లెక్కలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఆయన ఆ ఆర్డర్ దాటాకే ఆలోచించాలి. నెట్ సెంటర్లకు అడ్మిషన్ల కాలం తప్ప ఏదైనా పర్లేదు. ఉబుంటు దీర్ఘకాల విడుదల ఏప్రిల్‌లో వచ్చినా, పాత దీర్ఘకాల విడుదల వాడేవాళ్ళకు అప్‌గ్రేడ్ పిలుపు సాధారణంగా ఆగస్టు ప్రాంతంలో వచ్చే మొదటి సవరణ విడుదల తర్వాతే అందుతుంది. వాళ్ళే ఆగుతుంటే మీరు ఇంకో ఏడాది ఆగడంలో తప్పేం లేదు. ఐదేళ్ళు చేతిలో ఉన్నాయి.

ముహూర్తం కుదిరాక, కరెంటు. అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోతే ప్యాకేజీలు అటూ ఇటూ కాకుండా ఆగిపోతాయి. యూపీఎస్ బ్యాటరీ కనీసం అరగంట నిలుస్తుందని చూసుకున్నాకే మొదలుపెట్టండి. అయినా ఆగిపోతే భయపడి ఫార్మాట్ చేయకండి. ఉబుంటు, మింట్ రికవరీ మెనూలో విరిగిన ప్యాకేజీలను సరిచేసే డీపీకేజీ అనే వరుస ఉంటుంది. చాలాసార్లు దానితోనే లేచి నిలబడుతుంది.

తర్వాత టైమ్‌షిఫ్ట్. మింట్ ఒకప్పుడు అప్‌డేట్లను 1 నుంచి 5 వరకు ప్రమాద స్థాయిలుగా విడగొట్టి, పై స్థాయుల విషయంలో జాగ్రత్త పడమనేది. 2018లో 19వ విడుదలతో దారి మార్చుకుంది. అన్నీ తీసుకోండి, తేడా వస్తే టైమ్‌షిఫ్ట్‌తో నిన్నటి స్థితికి వెళ్ళండి అంది. నాకు ఈ మార్పు చాలా నచ్చుతుంది. విరగకుండా చూసుకోవడానికి పడే ఆరాటంలో సగం, వెనక్కి వెళ్ళే దారి సిద్ధం చేసుకోవడం మీద పెడితే మిగతా సగం అక్కర్లేదు. ఒక్క సంగతి మర్చిపోవద్దు: టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టంను, మీ ఫైళ్ళను కాదు. గిరాకీల ఫైళ్ళు వేరే డిస్క్‌లో విడిగా ఉండాలి.

ఇక ప్రింటర్. మన దుకాణాల్లో అసలు యజమాని అదే. "అప్‌డేట్ కొట్టినంక ప్రింట్ వస్తలేదు" అనే ఫిర్యాదు వెనుక తరచుగా ఉండే కారణం చిన్నది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తోపాటు కంపెనీ ఇచ్చే ప్లగిన్ విడిగా కావాలి, రెండింటి వెర్షన్లూ సరిపోలాలి. డ్రైవర్ మారిన ప్రతిసారీ ప్లగిన్‌ను మళ్ళీ దించుకోవాలి. తెలిసినవాళ్ళకు ఐదు నిమిషాల పని, తెలియనివాళ్ళకు ఒక రోజు గిరాకీ. కెనాన్ ఎల్‌బీపీ 2900 మన దగ్గర ఇంటింటా ఉంది కానీ, దాని లినక్స్ డ్రైవర్ పాతకాలపుది, కొత్త విడుదలల్లో ఎక్కించడం కష్టం. అదే మీ ప్రధాన ప్రింటర్ అయితే, లినక్స్ పెట్టేముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, డ్రైవర్ ఎక్కించి, ఒక కాగితం తీసి చూడండి. వచ్చిందా, ఆ విడుదలనే పట్టుకుని ఉండండి.

ఆధార్ పనులు చేసే సెంటర్లు వేలిముద్ర పరికరం విషయంలోనూ ఇలాగే ముందు అడిగి తెలుసుకోవాలి. దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం మీరు పెట్టబోయే లినక్స్ విడుదలకు దొరుకుతుందో లేదో తయారీదారు సైట్‌లో చూడండి, డీలర్‌ను కూడా అడగండి. దొరకకపోతే ఆ ఒక్క కంప్యూటర్‌ను మద్దతున్న విండోస్‌తోనే ఉంచి, జిరాక్స్, టైపింగ్, ఆన్‌లైన్ దరఖాస్తుల మిషన్లను మాత్రం మార్చండి.